లాగ్ జోలికి పోకుండా ఘాత సమీకరణాలు

ప్రశ్నలో ‘క, గ పూర్ణసంఖ్యలు’ అని ఉంటే ముందు ఆ మాట కింద గీత గీయండి. నా దగ్గర లెక్కలు నేర్చుకునే పిల్లలకు మొట్టమొదట చెప్పేది ఇదే. ఘాతాంకంలో తెలియని రాశి కనపడగానే చాలామందికి చెయ్యి లాగ్ (సంవర్గమానం) మీదికే పోతుంది. “టీచర్, రెండు వైపులా లాగ్ తీసుకోనా?” అని అడుగుతారు. తీసుకుంటే ఏమవుతుందో చూద్దాం.

2^క × 3^గ = 5184

(2^క అంటే 2 మీద ఘాతాంకం క అని; కింద ఉన్న 2 ని ఆధారం అంటారు. చివరిదాకా ఇలాగే రాస్తాను.)

లాగ్ తీసుకుంటే ఘాతాంకాలు కిందికి దిగుతాయి, నిజమే. కానీ మిగిలేది క, గ రెండూ ఉన్న ఒకే ఒక్క సమీకరణం. పైగా దాని గుణకాలు ఎక్కడా ఆగని దశాంశాలు. దానికి సరిపోయే వాస్తవ సంఖ్యల జతలు లెక్కలేనన్ని ఉంటాయి. వాటిలోంచి పూర్ణసంఖ్యల జత ఏదో వెతుక్కోవాలి. లాగ్ వల్ల పని తగ్గకపోగా పెరిగింది.

దాని బదులు 5184 ని 2 తో భాగించుకుంటూ పోండి: 2592, 1296, 648, 324, 162, 81. ఆరుసార్లు పోయింది, 81 దగ్గర ఆగింది. 81 అంటే 3^4. కాబట్టి 5184 = 2^6 × 3^4. క = 6, గ = 4. అయిపోయింది. ఇంకో జవాబు ఉండే ప్రసక్తే లేదు.

అంత ధీమాగా ఎలా అనగలుగుతున్నాం? 1 కంటే పెద్దదైన ఏ పూర్ణసంఖ్యనైనా ప్రధాన సంఖ్యల లబ్ధంగా ఒకే ఒక్క రకంగా రాయగలం. వరుస మార్చవచ్చు గానీ సరుకు మారదు. దీన్నే అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం అంటారు. దీనికి మూలమైన విషయం యూక్లిడ్ కాలానికే తెలుసు: ఒక ప్రధాన సంఖ్య రెండు సంఖ్యల లబ్ధాన్ని నిశ్శేషంగా భాగిస్తే, ఆ రెంటిలో కనీసం ఒకదాన్ని భాగించి తీరాలి. దాన్ని పూర్తి సిద్ధాంతంగా, నిరూపణతో సహా స్పష్టంగా రాసిపెట్టినవాడు గౌస్, 1801లో. పిల్లలు ఈ సిద్ధాంతాన్ని బట్టీపట్టి పరీక్షలో రెండు మార్కులు తెచ్చుకుని వదిలేస్తారు. అసలు వాడాల్సిన చోటు ఇది.

నేను ఒక్కో ప్రధాన సంఖ్యకు ఒక్కో ఖాతా తెరవమంటాను. 2 ఖాతా, 3 ఖాతా, 5 ఖాతా, ఇలా. ఎడమవైపు 2 లు ఎన్ని ఉంటే కుడివైపూ అన్నే ఉండాలి. 3 ల లెక్క వేరు. ఒక ఖాతాలో లోటును ఇంకో ఖాతా నుంచి పూడ్చడం కుదరదు. అలా ఒక్క ఘాత సమీకరణం రెండు మూడు మామూలు సమీకరణాలుగా విడిపోతుంది.

ఆధారాన్ని కూడా ముక్కలు చేయాలి

12^క × 18^గ = 839808

ముందు కుడివైపు. 839808 ని 2 తో భాగిస్తే 419904, 209952, 104976, 52488, 26244, 13122, 6561. ఏడుసార్లు. 6561 అంకెల మొత్తం 18, అంటే 9 తో పోతుంది. 3 తో భాగించుకుంటూ వెళ్తే 2187, 729, 243, 81, 27, 9, 3, 1. ఎనిమిదిసార్లు. కాబట్టి కుడివైపు 2^7 × 3^8.

ఇక ఎడమవైపు. 12 లో రెండు 2 లు, ఒక 3. 18 లో ఒక 2, రెండు 3 లు. 12 ని క సార్లు, 18 ని గ సార్లు గుణిస్తే:

2 ఖాతా: 2క + గ = 7
3 ఖాతా: క + 2గ = 8

రెండూ కలిపితే 3క + 3గ = 15, అంటే క + గ = 5. మొదటి దాంట్లోంచి ఇది తీసేస్తే క = 2, అప్పుడు గ = 3. సరిచూసుకోండి: 144 × 5832 = 839808. సరిపోయింది.

ఇదే లెక్కలో కుడివైపు 15552 పెట్టి చూడండి. అది 2^6 × 3^5. ఖాతాలు రెండూ కలిపితే 3(క + గ) = 11. 11 ని 3 భాగించదు. జవాబు లేదు, అంతే. జవాబు లేదని రాయడానికి పిల్లలకు ఎందుకో మహా టెన్షన్. ఎక్కడో తప్పు చేశామనుకుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు. అవసరం లేదు. ‘పూర్ణసంఖ్యల్లో సాధన లేదు’ అన్నది కారణంతో సహా రాస్తే పూర్తి జవాబే. కుడివైపు ముక్కలు చేస్తుంటే ఎక్కడైనా 7 తగిలిందా? 12 లోనూ 18 లోనూ 7 లేదు కాబట్టి అక్కడే పెన్ను పెట్టేయొచ్చు.

ఆధారాన్ని ముక్కలు చేయకుండా పోల్చేవాళ్లు దొరికిపోయే లెక్క ఒకటుంది: 4^క × 2^గ = 64. కొందరు 64 = 4^3 × 2^0 అని రాసి క = 3, గ = 0 అని గీత కొట్టేస్తారు. 4 కి ఖాతా లేదు, ఎందుకంటే అది ప్రధాన సంఖ్య కాదు. 4 ని 2^2 చేస్తే ఉన్నది ఒక్క 2 ఖాతాయే: 2క + గ = 6. రుణ సంఖ్యలు వద్దనుకుంటే (0, 6), (1, 4), (2, 2), (3, 0) అని నాలుగు జవాబులు. రుణ సంఖ్యలూ కావాలంటే అనంతం. విడివిడిగా పోల్చే హక్కు ప్రధాన సంఖ్యలకే ఉంది.

కుడివైపు దశాంశం ఉన్నా భయం లేదు. 12^క × 10^గ = 0.144 తీసుకోండి. 0.144 = 144/1000 = 18/125 = 2^1 × 3^2 × 5^(−3). హారంలో ఉన్న ప్రధాన సంఖ్యకు ఖాతాలో రుణ సంఖ్య పడుతుంది. 3 ఖాతా నేరుగా క = 2 అంటుంది. 5 ఖాతా గ = −3 అంటుంది. ఇక 2 ఖాతా సాక్షి: 2క + గ = 4 − 3 = 1, కుడివైపూ 1 ఉంది. తెలియనివి రెండు, ఖాతాలు మూడు ఉన్నప్పుడు ఆ మూడోది చూడకుండా జవాబు రాయకండి. మూడోది ఒప్పుకోకపోతే మొదటి రెండింటి నుంచి వచ్చినది జవాబే కాదు.

కుడివైపు ఫాక్టోరియల్ ఉంటే గుణించి పెద్ద సంఖ్య చేసుకుని మళ్లీ భాగించే పిచ్చి పని వద్దు. 10! అంటే 1 నుంచి 10 దాకా అన్నిటి లబ్ధం. అందులో 2 లు ఎన్ని? 10 వరకు 2 గుణిజాలు 5, 4 గుణిజాలు 2, 8 గుణిజం 1. మొత్తం 8. అలాగే 3 లు 3 + 1 = 4, 5 లు 2, 7 ఒకటి. 10! = 2^8 × 3^4 × 5^2 × 7.

రెండు వైపులా ఘాతాలే ఉంటే

2^(క − 3) = 7^(2గ − 8)

ఇది చూసి ‘ఒక సమీకరణం, రెండు తెలియనివి, ఎలా సాధిస్తాం’ అంటారు. పూర్ణసంఖ్యలన్న మాట లేకపోతే నిజంగానే సాధనలు అనంతం. ఆ మాట ఉంది కాబట్టి ఒక్కటే. 2 ఖాతాలో కుడివైపు ఏమీ లేదు, కాబట్టి క − 3 = 0. 7 ఖాతాలో ఎడమవైపు ఏమీ లేదు, కాబట్టి 2గ − 8 = 0. క = 3, గ = 4. రెండు వైపులా 1 వస్తుంది.

2^క = 3^గ కి కూడా (0, 0) తప్ప ఇంకోటి లేకపోవడం ఇందుకే. 2 ఆధారంగా 3 యొక్క లాగ్ 1.58496… అని ఆగకుండా పోతుందని, అది కరణీయ సంఖ్య (భిన్నంగా రాయలేనిది) అని చదువుకుని ఉంటారు. అది గ్రహించడానికి కావలసింది ఈ ఒక్క వాక్యమే. అది భిన్నమై ఉంటే, హారాన్ని అటు ఘాతంగా పంపితే సున్నా కాని ఘాతాంకాలతో 2^క = 3^గ వచ్చేది; ఒకవైపు సరి సంఖ్య, ఇంకోవైపు బేసి సంఖ్య సమానమయ్యేవి.

4^క = 8^గ మాత్రం వేరు. రెండూ 2 ఖాతాలోనివే: 2క = 3గ. క = 3త, గ = 2త, త ఏ పూర్ణసంఖ్యైనా సరే.

ఆధారమే తెలియకపోతే? మ^క = 1728, మ, క ధన పూర్ణసంఖ్యలు. 1728 = 2^6 × 3^3. మ లో ఉన్న ప్రతి ప్రధాన సంఖ్య ఘాతాంకాన్నీ క తో గుణిస్తేనే 6, 3 రావాలి. అంటే క అటు 6 నీ ఇటు 3 నీ భాగించాలి. వాటి గ.సా.భా. 3 కాబట్టి క = 1 లేదా 3; మ = 1728 లేదా 12. అదే 4096 అయితే 2^12, ఖాతా ఒక్కటే, 12 కి ఆరు భాజకాలు, ఆరు జవాబులు: 4096^1, 64^2, 16^3, 8^4, 4^6, 2^12. మ రుణ సంఖ్య కావచ్చని ప్రశ్నలో ఉంటే క సరి సంఖ్యగా ఉన్న నాలుగింటికి (−64)^2 లాంటి జోడీలు కూడా వస్తాయి.

ప్లస్ గుర్తు వస్తేనే అసలు పని

ఖాతాలు గుణకారానికే పనిచేస్తాయి. మధ్యలో ప్లస్సో మైనస్సో ఉంటే ముందు దాన్ని లబ్ధంగా మార్చాలి. నేను ఎక్కువ సమయం పెట్టేది ఇక్కడే.

2^క + 2^గ = 160. పెద్ద ఘాతాంకం క అనుకుందాం. చిన్నదాన్ని బయటికి తీయండి:

2^గ × (1 + 2^(క − గ)) = 2^5 × 5

ఇక్కడ ఒక్క క్షణం ఆగి బ్రాకెట్ వైపు చూడండి. క, గ సమానం కాకపోతే 2^(క − గ) సరి సంఖ్య, దానికి 1 కలిపితే బేసి సంఖ్య. అంటే బ్రాకెట్లో ఒక్క 2 కూడా లేదు. కుడివైపు ఉన్న ఐదు 2 లూ బయట ఉన్న 2^గ నుంచే రావాలి. గ = 5. బ్రాకెట్ 5 కావాలి, కాబట్టి 2^(క − గ) = 4, క = 7. సరిచూస్తే 128 + 32 = 160.

క, గ సమానమైతే? అప్పుడు బ్రాకెట్ 2 అవుతుంది, ఎడమవైపు మొత్తం 2^(గ + 1). 160 లో 5 ఉంది కాబట్టి కుదరదు. ఈ రెండు వాక్యాలు రాయనివాళ్లకు నేను ఒక మార్కు కోస్తాను. ఇక్కడ జవాబు మారలేదు గానీ, కుడివైపు 64 ఉంటే ఉన్న ఒక్క జవాబూ ఆ సమానమైన చోటే దొరుకుతుంది: 32 + 32.

తీసివేతకూ ఇదే దారి. 2^క − 2^గ = 2016. కుడివైపు 2^5 × 63. చిన్నదాన్ని బయటికి తీస్తే బ్రాకెట్లో 2^(క − గ) − 1, అది బేసి సంఖ్య. గ = 5, 2^(క − గ) = 64, క = 11. 2048 − 32 = 2016. ఆధారం 3 అయితే బ్రాకెట్ సరా బేసా అని కాదు, 3 తో పోతుందా లేదా అని చూడాలి. 3^క − 3^గ = 702 మీరే చేయండి; 6, 3 రావాలి.

3^క + 3^(క + 1) + 3^(క + 2) = 1053 లాంటివి చూడ్డానికే పొడుగు. 3^క బయటికి తీస్తే లోపల 1 + 3 + 9 = 13. 1053 ÷ 13 = 81. క = 4.

రెండు వేర్వేరు ఆధారాలు కలిసి వచ్చినప్పుడు కొంచెం చాకచక్యం కావాలి. నాకు చాలా ఇష్టమైన రకం ఇది (క, గ సున్నా లేదా ధన పూర్ణసంఖ్యలు):

2^క × 3^గ + 2^క + 3^గ = 89

89 ప్రధాన సంఖ్య. ముక్కలు చేద్దామంటే ఏమీ లేదు. రెండు వైపులా 1 కలపండి. ఎడమవైపు (2^క + 1)(3^గ + 1) అయిపోతుంది, కుడివైపు 90, దానికి కావలసినన్ని ముక్కలు. 3^గ + 1 కి వచ్చే విలువలు 2, 4, 10, 28, 82, ఆ తర్వాతవన్నీ 90 దాటిపోతాయి. 90 ని భాగించేవి 2, 10 మాత్రమే. 2 అయితే 2^క + 1 = 45, 2^క = 44, కుదరదు. 10 అయితే 2^క + 1 = 9, క = 3, గ = 2. సరిచూడండి: 72 + 8 + 9 = 89.

ఇక వర్గాల భేదం. 2^క + 1 = మ^2 లో 1 ని అవతలికి పంపితే 2^క = (మ − 1)(మ + 1). మ ధన సంఖ్య అనుకుందాం. కుడివైపు రెండు సంఖ్యల లబ్ధంలో 2 తప్ప వేరే ప్రధాన సంఖ్య లేదు. కాబట్టి ఆ రెండూ విడివిడిగా 2 ఘాతాలే. వాటి మధ్య తేడా 2. 1, 2, 4, 8, 16… అన్న వరుసలో 2 తేడా ఉన్న జత 2, 4 ఒక్కటే. మ = 3, క = 3. ఎక్కడా గుడ్డిగా వెతకలేదు, అనంతమైన క విలువలను రెండు వాక్యాల్లో తోసేశాం.

ఈ మెట్టు ఎక్కితే 3^క − 2^గ = 1 కూడా అందుతుంది. ఘాతాంకాలు రుణ సంఖ్యలైతే కుదరదని తేలిగ్గానే కనిపిస్తుంది. గ = 0 అయితే 3^క = 2, లేదు. గ = 1 అయితే 3^క = 3, క = 1. గ కనీసం 2 అయితే 2^గ ని 4 భాగిస్తుంది, కాబట్టి 3^క ని 4 తో భాగిస్తే శేషం 1 రావాలి. 3 ఘాతాలను 4 తో భాగిస్తే శేషాలు 3, 1, 3, 1 అని మారుతూ పోతాయి. 1 వచ్చేది క సరి సంఖ్య అయినప్పుడే. క = 2త అని పెడితే (3^త − 1)(3^త + 1) = 2^గ. మళ్లీ 2 తేడా ఉన్న రెండు 2 ఘాతాలు: 2, 4. త = 1, క = 2, గ = 3. అదే 9 − 8 = 1. దీన్ని 14వ శతాబ్దంలోనే లెవీ బెన్ గెర్సన్ నిరూపించాడు, ఒక సంగీతకారుడు అడిగితే. ఆధారాలు 3, 2 అనే కాకుండా ఏవైనా సరే, ఘాతాంకాలు 1 కంటే పెద్దవైతే పక్కపక్కన వచ్చే ఘాతాలు 8, 9 తప్ప వేరే ఉండవని కాటలాన్ 1844లో ఊహించాడు. అది తేలడానికి 2002 వరకు పట్టింది, తేల్చినవాడు మిహైలెస్కు.

ఈ పద్ధతి ఎక్కడ ఆగుతుందో కూడా తెలిసి ఉండాలి. రామానుజన్ 1913లో అడిగిన ప్రశ్న చూడండి: 2^న − 7 ఎప్పుడెప్పుడు వర్గ సంఖ్య అవుతుంది? న సరి సంఖ్య అయితే మనకు వచ్చిన విద్య చాలు. న = 2త అని పెడితే (2^త − మ)(2^త + మ) = 7. 7 ప్రధాన సంఖ్య కాబట్టి 1, 7 తప్ప దారి లేదు. కలిపితే 2 × 2^త = 8, త = 2, న = 4, మ = 3. న బేసి సంఖ్య అయితే మాత్రం మామూలు పూర్ణసంఖ్యల్లో ఎడమవైపు విడిపోదు. అక్కడ −7 వర్గమూలం చేరిన సంఖ్యల్లోకి వెళ్లాలి. అదృష్టం ఏమిటంటే ఆ లోకంలో కూడా కారణాంక విభజన ఒకే రకంగా ఉంటుంది, అందుకే అక్కడా ఖాతాలు నడుస్తాయి. నాగెల్ 1948లో దీనికి నిరూపణ ఇచ్చాడు. రామానుజన్ చెప్పిన 3, 4, 5, 7, 15 తప్ప ఇంకే న కీ కుదరదు. చివరిదాన్ని చేత్తో వేసి చూడండి: 2^15 = 32768, 7 తీసేస్తే 32761, అది 181 వర్గం.